వాసనమ్మ, పైవాగు గేటాయన

నగరానికి ఉత్తరాన కొండలు. ఆ కొండల్ని కోసుకుంటూ మూడు వాగులు కిందికి దిగుతాయి. వాగు దిగే ఇరుకు లోయను అక్కడ అందరూ గండి అనేవారు. మూడు గండ్లు, మూడు వాగులు: పైవాగు, నడిమివాగు, కిందివాగు. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ పెద్దగా బుర్ర చించుకోలేదని తెలిసిపోతూనే ఉంటుంది. ప్రతి గండి మూతి దగ్గరా ఒక ఇనుప గేటు, గేటు పక్కన ఒక గది, ఆ గదిలో ఒక మనిషి. గేటు తెరిస్తే వాగు కాలువలో పడి నగరంలోని ఫిల్టర్లకు వెళ్తుంది. మూస్తే తన దారిన తాను పోయి కింద కూరగాయల తోటల్లో కలిసిపోతుంది. నగరంలో కుళాయి తిప్పేవాళ్లకు ఈ గొడవేమీ తెలియదు. నీళ్లు వస్తే తాగుతారు, రాకపోతే తిడతారు.

ప్రతి పొద్దునా మూడు గేట్ల నుంచి మూడు సీసాలు జీపులో నీళ్ల ఆఫీసుకు వచ్చేవి. ఆఫీసు వెనక వరండా చివర ఒక చిన్న గది ఉంది. అందులో ఒక పొడుగాటి బల్ల, వేడినీళ్ల తొట్టి, ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చునే మనిషిని అందరూ వాసనమ్మ అనేవారు. సీసాలు గోరువెచ్చబడేదాకా తొట్టిలో ఉంచి, ఒక్కొక్కదాన్నీ గుండ్రంగా తిప్పి, మూత తీసీ తీయగానే ముక్కు దగ్గర పెట్టుకునేది. ఒక్కసారే పీల్చేది. రెండోసారి పీలిస్తే ముక్కు మొద్దుబారుతుందని ఆమె నమ్మకం. ఆ తర్వాత ఒక మాట చెప్పేది. మట్టి. పాచి. ఆకు కుళ్లింది. చాలా రోజులు ఆమె చెప్పేది 'ఏం లేదు' అనే మాటే. నీళ్లకు ఇవ్వగలిగిన పొగడ్తల్లో అంతకంటే గొప్పది ఆమెకు తెలియదు.

కెమిస్టు తన పరీక్షలు తాను చేసుకునేవాడు. మంచి పనిమంతుడు. కానీ ఆ ఫలితాలు చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది, ఈలోపు కాలువ నీళ్లు ఎవరికోసమూ ఆగవు కదా. అందుకని పొద్దున పూట గేటు తెరిచి ఉంచాలా, మూయాలా అన్నది వాసనమ్మ మాట మీదే నడిచేది. వాసన చూసిన వెంటనే ఆమే ఫోను తీసి గేటు గదులకు చెప్పేది.

ఇలాంటి ముక్కును కాపాడుకోవాలంటే ఇల్లు ఇల్లంతా దానికి ఊడిగం చేయాలి. చేసింది కూడా. వాసనలేని సబ్బు. పౌడరు లేదు, అత్తరు లేదు, కిటికీలో పూలకుండీ లేదు. పొద్దున్నే ఉల్లిపాయ వేయించడం ఆ ఇంట్లో దొంగతనంతో సమానం. పక్కింట్లో చేపలు వేగుతుంటే వీళ్లు కిటికీలు బిగించుకుని ఉక్కపోతలో కూర్చునేవారు. "వాళ్లింటికి వెళ్తే కుక్కలాగా మనల్ని వాసన చూసి గానీ లోపలికి రానివ్వదు" అని ఆమె ఆడపడుచు చుట్టాలందరికీ చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. వాసనమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది, ఆ ముక్కు మీద ఎవరైనా చెయ్యి వేస్తే మరీను.

ఆమె మొగుడు పైవాగు గేటాయన. వాళ్ల పెళ్లి కథ ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. అప్పుడింకా జీపు లేదు, గేటు మనుషులే సీసాలు మోసుకొచ్చేవారు. ఒకరోజు పైవాగు సీసా మూత తీయగానే ఆమె మొహం చిట్లించి, "ఉల్లిపాయ" అంది. కొండల్లో ఉల్లిపాయ ఎక్కణ్నుంచి వస్తుందని కెమిస్టు నోరు తెరిచాడు. ఆమె వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్న కుర్రాడి చేతులు చూపించమంది. దార్లో రొట్టె, ఉల్లిపాయ తిని అదే చేత్తో మూత బిగించాడట. మళ్లీ కొండెక్కి ఇంకో సీసా తెమ్మని తరిమేసింది. ఎండలో ఎక్కి, దిగి, సాయంత్రానికి తెచ్చాడు. చేతులు వాగు ఇసకతో రుద్ది రుద్ది ఎర్రగా చేసుకున్నాడు. సీసా ఆమె చేతికిచ్చి, "ఇప్పుడైనా బాగుందా అండీ?" అని అడిగాడట. నోట్లో నాలుక లేని మనిషి, అదే చాలా పెద్ద మాట.

పెళ్లయ్యాక కూడా అతను కొండ మీద గేటు గదిలోనే ఉండేవాడు. వాళ్ల నాన్న కూడా ఆ గేటు దగ్గరే పనిచేశాడు. తాగే నీళ్ల గండి కాబట్టి కంచె లోపలికి కుక్కల్ని రానివ్వకూడదు, ఈతకు దిగనివ్వకూడదు, ఒడ్డున సబ్బు వాడనివ్వకూడదు. సెలవు రోజుల్లో నగరం నుంచి పిల్లాపాపలతో వచ్చేవాళ్లను బతిమాలి బతిమాలి వెనక్కి పంపడం అతని పని. ఎవరైనా ఎదురు తిరిగితే, "మీరు తాగే నీళ్లేనండీ. మీ ఇంట్లో బిందెలో కాళ్లు పెట్టుకుంటారా?" అనేవాడు, అదీ నవ్వుతూ. మిగతా సమయమంతా గేటుకు అడ్డం పడిన ఆకులు, కొమ్మలు ఊడ్చేవాడు, వాగు చప్పుడు వినేవాడు. చప్పుడు మారితే నిద్రలో కూడా లేచేవాడని అంటారు.

వారానికోసారి ఇంటికి దిగేవాడు. దిగినవాడు తిన్నగా లోపలికి రావడానికి లేదు. కట్టెపొగ, నాచు, చెమట, అన్నీ పెరటి కుళాయి దగ్గర వదిలేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గానీ గుమ్మం దాటకూడదు. చలికాలంలో కూడా అంతే. అతను కుళాయి కింద వణుకుతుంటే ఆమె తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "చెవుల వెనక, చెవుల వెనక" అని అరిచేది. పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకునేవారు. వాళ్లిద్దరికీ మాత్రం అది సరసంలాగే ఉండేది.

ఒక కూతురు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల పెద్దయ్యాక సబ్బులు, అత్తర్లు అమ్మే షాపులో ఉద్యోగం చూసుకుంది. ఎందుకు చూసుకుందో నేను చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం అది కూడా పెరటి కుళాయి కింద నిలబడాల్సిందే.

ఇలా సాగిపోతున్న బతుకులో, ఒక ఎండాకాలం పైవాగు గండిలో మంట లేచింది. ఏటవాలు కొండంతా ఎండుగడ్డి. గాలి తోడైంది. గేటాయన, అగ్నిమాపకం వాళ్లు వాగు నీళ్లు తోడి గేటు గదిని కాపాడుకున్నారు గానీ, గండికి రెండువైపులా చెట్లన్నీ నల్లబడిపోయాయి. ఆ మంట రేగుతున్న రోజుల్లోనే కింద నగరంలో వాసనమ్మకు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోయింది, ముక్కు దిబ్బడ వేసింది. వారం తిరగకుండానే జ్వరం పోయింది. దిబ్బడా పోయింది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

పొద్దున లేచి పాల గిన్నె మీద వంగింది. ఏమీ లేదు. కూతురు సంచిలో చెయ్యి పెట్టి సబ్బు ఒకటి తీసి ముక్కుకు ఆనించుకుంది. గోడను వాసన చూసినట్టే ఉంది. జలుబు తాలూకు మొద్దుదనమేలే, ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకుంది. రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఎవరికైనా చెబితే అది నిజమైపోతుందని భయపడింది. అసలు ఆమెకు ఆ ముక్కు తప్ప ఏముంది? చదువు అంతంతమాత్రం, రూపం అంతంతమాత్రం, నోరు మంచిది కాదు. నలుగురిలో ఆమెను నిలబెట్టింది ఆ ఒక్కటే. బల్ల దగ్గర సీసాలు తిప్పుతూ, రంగు చూస్తూ, కాలాన్ని బట్టి ఉండాల్సిన మాట చెబుతూ నెట్టుకొచ్చింది. ఎండాకాలంలో వాగులు ఎలా ఉంటాయో కంఠతా వచ్చు కాబట్టి మాట తప్పిపోలేదు. కెమిస్టు ఫలితాలూ సరిపోతూ వచ్చాయి.

ఇంట్లో మాత్రం వింత జరిగింది. ఒక సాయంత్రం కూతురు కుళాయి సంగతి మరిచిపోయి షాపు వాసనతోనే వంటింట్లోకి వచ్చేసింది. గుర్తొచ్చి ఉన్నచోటే ఆగిపోయింది. వాళ్లమ్మ వెనక్కి తిరిగి, "ఆకలేస్తోందా?" అని అడిగింది. అంతే. మర్నాడు కావాలనే అలాగే వచ్చింది. ఏమీ అనలేదు. పిల్లకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ మెత్తబడిందని ఫోనులో నాన్నకు చెప్పింది, మేనత్తకు చెప్పింది. కిటికీలో ఒక పూలకుండీ తెచ్చి పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నది ఆ రోజుల్లోనే.

మంటలు ఆరాక గేటాయన ఇంటికి దిగాడు. బట్టలు, జుట్టు, చర్మం, మనిషంతా మసి. అలవాటుగా పెరటి కుళాయి దగ్గరికి నడిచాడు. వాసనమ్మ పరిగెత్తుకొచ్చి, అతని మొహం రెండు చేతుల్లో పట్టుకుని, "ముందు లోపలికి రా, టీ తాగు" అంది. మనిషి ప్రాణాలతో తిరిగొచ్చాడన్న సంతోషంలో ఉంది ఆమె. అతను అక్కడే కాసేపు నిలబడిపోయాడు. ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా లోపలికి వచ్చి, కుర్చీ మీద మసి అంటకుండా అంచున కూర్చుని టీ తాగాడు. ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు. అలిసిపోయాడనుకుంది ఆమె.

మంటల తర్వాత నీళ్ల ఆఫీసులో అందరి భయమూ మొదటి వాన మీదే. కాలిన కొండ మీద వాన పడితే బూడిదంతా వాగులోకి దిగుతుంది. దిగిన మరుక్షణం గేటు మూయాలి. ఆ బూడిద ఫిల్టర్లలోకి వెళ్లిందంటే వాటిని కడుక్కోవడానికే రోజులు పడుతుంది. అయితే మూయడం అంత తేలికా కాదు. ఎండలకు మిగతా రెండు వాగులూ సన్నబడ్డాయి, నగరానికి పైవాగే దిక్కు. ఊరికే మూస్తే జనం బిందెలతో ఆఫీసు మీద పడతారు. అందుకని ఆఫీసుకు పెద్దయిన ఇంజనీరు గట్టిగా చెప్పాడు. వాసనమ్మ 'పొగ' అంటే మూయాలి, అనకపోతే మూయకూడదు. ఎవరి తెలివితేటలూ వాళ్లు చూపించకూడదు.

వాన తెల్లవారుజామున కురిసింది. రోడ్లన్నీ నీళ్లు, కెమిస్టు రావడం ఆలస్యమైంది. జీపు మాత్రం ఎలాగో వచ్చింది. బల్ల దగ్గర వాసనమ్మ ఒక్కతే. పైవాగు సీసా వెచ్చబెట్టింది, తిప్పింది, మూత తీసింది. పీల్చింది. ఆమె జీవితంలో మొదటిసారి రెండోసారి పీల్చింది. మూడోసారి కూడా. వెలుతురుకు ఎత్తి చూసింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. అప్పుడైనా 'నాకు తెలియడం లేదు' అని ఒక్క మాట అని ఉండాల్సింది. ఫోను మోగింది.

"ఏమైనా ఉందా?" అన్నాడు గేటాయన.

"ఏం లేదు. తెరిచే ఉంచు."

అవతల వాన చప్పుడు, వాగు చప్పుడు.

"ఇంకోసారి చూస్తావా?"

"ఏం, నా ముక్కు మీద నమ్మకం పోయిందా నీకు?"

"అబ్బే, అదేం లేదు. సరే అయితే."

ఫోను పెట్టేసి సీసాలో నీళ్లు తొట్టిలో పారబోసి కడిగేసింది. ఎప్పుడూ చేసే పనే. కెమిస్టు గొడుగు దులుపుకుంటూ వచ్చేసరికి బల్ల మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రానికి నగరంలో సగం ఇళ్లలో టీ పారబోశారు. కుళాయి తిప్పితే ఆరిన పొయ్యి వాసన. ఫిల్టర్లు బూడిదతో పూడిపోయాయి. నీళ్ల ట్యాంకర్ల దగ్గర కొట్లాటలు. ఎవరూ చనిపోలేదు గానీ, వాంతులతో, విరేచనాలతో పసిపిల్లల్ని ఆస్పత్రికి ఎత్తుకొచ్చిన తల్లులు వరండాల్లో కూర్చున్నారు. వాళ్ల ఫొటో పేపర్లో వచ్చింది. వాసనమ్మ దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఇంజనీరు గదిలో విచారణ. ఆమె నిద్రలేకుండా ఒకటే అనుకుని వచ్చింది, లోపలికి వెళ్లగానే చెప్పేయాలని. గేటాయన ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఇంజనీరు ఇంకా అడగకముందే మాట్లాడాడు. అంత పొడుగు మాట అతని నోట ఎవరూ విని ఉండరు.

"ఆమె మూసెయ్యమనే చెప్పింది సార్. నేనే మూయలేదు. చిన్న వానే కదా, ఊరికి నీళ్లు తక్కువైపోతాయి కదా అని ఉండిపోయాను. తప్పు నాదే."

ఇంజనీరు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, అంతేనా?" అన్నాడు. ఆమె నీళ్లు నమిలింది. ముక్కుసూటి మనిషని పేరున్న వాసనమ్మ, ఎవరి మొహం మీదైనా ఉన్న మాట అనేసే వాసనమ్మ, నేల వైపు చూస్తూ నిలబడింది. ఆ మౌనాన్నే అవునని రాసుకున్నారు.

అతన్ని గేటు నుంచి తీసేశారు. తండ్రి చేతుల మీదుగా వచ్చిన గది, గోడకు తగిలించిన లాంతరు, ఆకులూడ్చే పొడుగాటి పార, అన్నీ వదిలి ఒక సంచితో ఇంటికొచ్చాడు. ఆ రోజు పెరటి కుళాయి దగ్గర ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేశాడు, ఎవరూ చెప్పకుండానే.

ఇంట్లో అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. వీధిలో బస్సులు, పైన వాటా వాళ్ల రేడియో, ఎన్ని చప్పుళ్లున్నా అతనికి నిద్ర పట్టేది కాదు. పెరట్లోకి వెళ్లి కుళాయి సన్నగా తిప్పి, బకెట్లో నీళ్లు పడుతుంటే పక్కన కూర్చునేవాడు. బకెట్ నిండితే మొక్కకు పోసి, మళ్లీ పెట్టేవాడు. తిండి తగ్గింది. మనిషి రోజురోజుకూ సన్నబడిపోయాడు. అతన్ని మళ్లీ కొండెక్కించకపోతే దక్కడని వాసనమ్మకు అర్థమైంది. ఎక్కించాలంటే దారి ఒకటే. ఆఫీసుకెళ్లి నిజం చెప్పాలి.

ముందు అతనికే చెప్పింది. కూతురు షాపుకు వెళ్లాక, పెరట్లో అతని పక్కన కూర్చుని, "నీకొక మాట చెప్పాలి. నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఆ రోజు సీసా నాకేమీ చెప్పలేదు, నేనే నోటికొచ్చింది చెప్పాను. నువ్వు నన్ను వెనకేసుకొచ్చి తప్పు నీ మీద వేసుకున్నావు. రేపు వెళ్లి ఇంజనీరుతో చెప్పేస్తాను" అంది. చెబుతూ ఏడ్చింది.

అతను కుళాయి కట్టేశాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు వాసన తెలియదని. మసితో వచ్చిన రోజే తెలిసింది. గుమ్మం దగ్గరే ఆపుతావనుకున్నా. ఆపలేదు."

ఆమెకు మొదట అతని మీద జాలి, ప్రేమ పొంగుకొచ్చాయి. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాడే అని. ఆ తర్వాత, నెమ్మదిగా, ఇంకో సంగతి తట్టింది.

"మరి వాన రోజు? నీకేమైనా తెలిసిందా?"

అతను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. విచారణలో ఒకటి చెప్పగలిగినవాడు ఇక్కడ ఇంకోటి చెప్పలేకపోయాడు.

"ఒడ్డు వెంబడి నల్లటి నురగ కట్టింది. పొగ వాసన నాకూ తగిలింది."

"తెలిసీ తెరిచి ఉంచావా?"

"నువ్వు ఏం లేదన్నావు. నీ మాట కాదని మూసేస్తే, ఎందుకు మూశావని అడుగుతారు. కెమిస్టు ఇంకో సీసా తెప్పించి చూస్తాడు. నీ ముక్కు సంగతి బయటపడుతుంది. ఇంకోసారి చూడమన్నాను కదా. మూడుసార్లు గేటు చక్రం మీద చెయ్యి వేశాను. తిప్పలేకపోయాను."

వాసనమ్మ లేచి నిలబడింది. తాను చేసింది తప్పే, కాదనడం లేదు. కానీ తాను తెలియక చేసింది. తెలియదని చెప్పలేని చచ్చు గర్వంతో చేసింది. ఇతను తెలిసి చేశాడు. కుక్క కాలు తడిస్తేనే ఒప్పుకోని మనిషి, ఊరంతా తాగే నీళ్లలోకి బూడిదను దగ్గరుండి పంపాడు. ఎవరికోసం? తనకోసం. పేపర్లో ఫొటో గుర్తొచ్చింది, ఆస్పత్రి వరండా, ఒళ్లో వాలిపోయిన పిల్లలు. ఆ పాపాన్ని తెచ్చి ప్రేమ అని తన చేతిలో పెట్టినట్టు అనిపించింది.

"నన్నడిగావా? నా పరువు కోసం పసిపిల్లలకు మసి తాగించమని నేనడిగానా నిన్ను?" అంది.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. అతనితో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

మర్నాడు ఆఫీసుకెళ్లి ఇంజనీరుకు తన సంగతి చెప్పింది. మొగుడి సంగతి చెప్పలేదు, అది చెప్పడానికి నోరు రాలేదు. ఇంజనీరు పాపం మంచివాడే. అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. విచారణ ముగిసిపోయిందని, పైవాగు గేటుకు మోటారు బిగిస్తున్నారని, ఇకమీదట ఇక్కడి నుంచే మీట నొక్కి తెరవడం, మూయడం జరుగుతుందని చెప్పాడు. కంచె దగ్గర కాపలాకు ఒక మనిషిని వేశాం, గేటు గదిలో ఉండే పని ఇంక ఎవరికీ లేదమ్మా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. బల్ల గది తాళంచెవి ఇచ్చేసి బయటికొచ్చింది. దార్లో ఉన్న చెట్లూ, హోటళ్లూ, మురిక్కాలువా అన్నీ ఒకటే మాదిరి, ఏ వాసనా లేకుండా పక్కనుంచి వెళ్లాయి.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరి పక్కనుంచి ఒకరు నడిచారు. కంచంలో పెట్టేది, బట్టలుతికేది, మంచం దులిపేది. మాట మాత్రం లేదు. కూతురు మధ్యలో నలిగింది. "ఏమైందమ్మా మీకు?" అని అడిగి అడిగి విసిగిపోయింది. చలికాలం మొదలయ్యాక గేటాయన వారానికోసారి పొద్దున్నే కండువా చుట్టుకుని ఎక్కడికో వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయేవాడు. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది. ఎక్కడికెళ్తున్నావని కూతురు అడిగితే, ఊరికే నడుస్తున్నానమ్మా అనేవాడు. వాసనమ్మకు ఒక్కోసారి అతని మీద కోపం చల్లారినట్టే ఉండేది. రేపో ఎల్లుండో మాట్లాడదామనుకునేది. ఆమె మొండితనం సంగతి తెలిసినదే కదా. పట్టు విడిచిన మర్నాడు ఎలా మొహం చూపించాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

అలా వెళ్లిన ఒకరోజు అతను నడిచి తిరిగి రాలేదు. మధ్యాహ్నం దాటాక ఆఫీసు జీపు వీధిలో ఆగింది. పైవాగు కంచె దగ్గర కొత్తగా వేసిన కాపలాదారు దిగాడు. నడివయసు మనిషి, అంతకుముందు బస్సు నడిపేవాడట. వెనక సీట్లో గేటాయనను దుప్పటి కప్పి పడుకోబెట్టారు. గుండె ఆగిందన్నారు.

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లారు. ఆడపడుచు కూడా వచ్చి, వాసనమ్మను పట్టుకుని నిజంగానే ఏడ్చింది. అందరూ వెళ్లాక కాపలాదారు ఒక్కడూ మళ్లీ వచ్చి పెరట్లో నిలబడ్డాడు. అతని మనసులో ఏదో ఉందని గ్రహించి వాసనమ్మ పీట వేసింది.

"పెద్దాయన వారం వారం వచ్చేవారమ్మా" అన్నాడు. "నేనెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు. మొదటిసారి వచ్చినప్పుడు పాసు లేకుండా లోపలికి రానివ్వనన్నాను. తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను. రండి పెద్దాయనా అన్నా. రాలేదు. రూలు రూలే, బాగా చేశావన్నారు. కంచె బయట బండ మీద కూర్చుని వాగు చప్పుడు వినేవారు."

"ఏమైనా మాట్లాడేవాడా?" అంది వాసనమ్మ.

"పెద్దగా లేదమ్మా. వెళ్లేముందు మాత్రం ఒక సీసా ఇచ్చి, వాగులో నీళ్లు పట్టుకురమ్మనేవారు. తెస్తే మూత తీసి వాసన చూసేవారు. చాలాసేపు చూసేవారు. ఏం తెలిసింది పెద్దాయనా అని అడిగేవాణ్ని. 'నాకేం తెలుస్తుందయ్యా, మా ఆవిడైతే చెప్పేది' అనేవారు. 'ఇంటికెళ్లి ఎలా ఉందో చెప్పాలి, తనకిప్పుడు తెలియదు కదా' అనేవారు. దార్లో మరిచిపోతానేమోనని పైకి అనుకుంటూ వెళ్లేవారమ్మా. మట్టి కొంచెం ఉంది, పొగ తగ్గింది, అని. మొన్న మాత్రం మూత తీసి చూసి నవ్వారు. 'ఏం లేదు. బాగుపడింది' అన్నారు. ఆ బండ మీదే అలా వెనక్కి వాలిపోయారు."

కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. కాపలాదారు కళ్లు తుడుచుకున్నాడు. వాసనమ్మ ఏడవలేదు. సాయంత్రాలు అతను గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోవడం, తాను లోపలికి వెళ్లిపోవడం ఆమెకు కళ్ల ముందు కదిలాయి. ప్రతి వారం అతను ఆమె కోసం కొండ నుంచి ఒక మాట తెచ్చాడు. ప్రతి వారం ఆమె దాన్ని గుమ్మంలోనే ఉంచేసింది. ఒక్కసారి ఆగి, "ఏమిటి?" అని అడిగి ఉంటే సరిపోయేది.